ముంత దాచిన బేరం

చల్లకొచ్చి ముంత దాచకూడదంటారు పెద్దలు. ఈ పర్చేజ్ మేనేజరు మాత్రం ముంత దాచి దాచే ఇంతవాడయ్యాడు. పైపులు కావాలంటే వాల్వుల గురించి గంటసేపు వాదించి, లేచి వెళ్ళబోతూ, "అన్నట్టు, ఆ పైపులు కూడా పడేయండి, చూద్దాం" అనేవాడు. అమ్మేవాడు బోల్తా పడేవాడు. ఫ్యాక్టరీలో అందరికీ ఆయన బేరాల బాబాయి. భార్యతో తొలి పరిచయంలోనూ సాయంత్రమంతా ఆమె చెల్లెలితోనే కబుర్లాడాడట. ఆ ముచ్చట చెప్పి ఆవిడ తెగ నవ్వేది.

ఇప్పుడు ఆవిడకు నవ్వే ఓపిక లేదు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్, ఖర్చంతా ఫ్యాక్టరీ ఇన్సూరెన్సుది. ఆ ఫ్యాక్టరీ కాస్తా నెలాఖరుకు మూతపడుతోంది. ఈ వయసులో పైదేశం కంపెనీ ఒకటి ఉద్యోగమిస్తాననడం నక్కతోక తొక్కడమే. ఆయనకు అక్కడ కావలసింది ఒక్కటే, పాత జబ్బులకు కూడా వర్తించే ఇన్సూరెన్సు. అది లేకపోతే ఆవిడ బతకదు.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీడియో కాల్‌కి కూర్చున్నాడు. భార్య తెర మీద కనబడకుండా, చేతికి పట్టీతో ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఇల్లు మరీ ఇరుకండీ. కారు లేకపోతే ఆ ఎండల్లో ఎలా తిరుగుతాం?" అంటూ మొదలుపెట్టాడు. కంపెనీ హెచ్.ఆర్. ఆవిడ ఓపిగ్గా రాసుకుంది. చివర్లో ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ తన పాత పాట ఎత్తుకున్నాడు.

"అన్నట్టు, పాత జబ్బులకి ఇన్సూరెన్సని ఏదో ఉంటుందటగా. మా ఆవిడకి పెడితే పెట్టండి, లేకపోతే లేదు. అంత ముఖ్యమేం కాదులెండి."

హెచ్.ఆర్. ఆవిడ ముఖం విప్పారింది.

"బతికించారు సార్! దాని ప్రీమియమే మోయలేకపోతున్నాం. అది తీసేస్తే మీరడిగిన ఇల్లూ, కారూ రెండూ ఇచ్చేయొచ్చు."

ఆయన తెర ముందుకు వంగాడు. "అది కాదండీ, ఒకవేళ..."

"మేడమ్‌గారికి ఏమైనా జబ్బుందా సార్?" నిజంగానే ఆదుర్దాగా అడిగింది.

ఉందన్న ఒక్క మాట చాలు. కానీ అవసరాన్ని దాచడానికే అలవాటుపడ్డ ఆ పాడు నోరు, "అబ్బే, నిక్షేపంగా ఉంది" అనేసింది.

"అయితే కాగితాలు పంపించేస్తాను సార్."

తెర నల్లబడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పండి," అంది భార్య.

"ఇప్పుడు చెప్తే అబద్ధాలకోరంటారు. ఉద్యోగమే పోతుంది. ముందు నన్ను వెళ్ళనీ. మెల్లగా ఏదో దారి చూద్దాం."

"మెల్లగానా? నాకంత టైముందా?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, ఖాళీ గ్లాసు వైపు చూశాడు.

"ఆ తొలి రోజు మీరు నా వైపు చూడకపోతే, నేను మీకు కావాలి కాబట్టే అనుకున్నానండీ," అందావిడ. "ఇవాళ కూడా చూడటం లేదు. ఏమనుకోమంటారు?"

లాప్‌టాప్ టింగుమంది. ఆయన ఒప్పందం తెరిచాడు. కారు కొత్తదే ఇస్తున్నారు.