తెల్లగా వచ్చిన గుడ్డ

మా తోటికోడలు భూలక్ష్మికి ఒంట్లో వేడి చేసిందని మా ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు.

కాన్పులో నెత్తురు ఆగకపోతే ఆసుపత్రిలో గర్భసంచి తీసేసి ప్రాణం నిలబెట్టారు. బిడ్డ దక్కలేదు. పదోనాటి నుంచి ఆమెకు మూత్రం కారడం మొదలైంది. పడుకున్నా, నిలబడ్డా, నవ్వినా కారుతూనే ఉంది. నవ్వడం మానేసింది గనక ఆ మూడోది నేను ఊహించి రాస్తున్నాను.

లోపలెక్కడో చిల్లు పడిందేమో అన్నాను. "పెరట్లోకి వెళ్తే మామూలుగానే వస్తోంది కదా, మరి చిల్లెక్కడుంటుందమ్మా?" అన్నారు మా అత్తగారు. ఊళ్లో కాంపౌండరుగారూ అదే అన్నారు. వేడికి మందు మా చెట్ల మీదే ఉంది. రోజుకు నాలుగు కొబ్బరిబొండాలు కొట్టించి, అత్తగారు పక్కన కూర్చుని మరీ తాగించేవారు. తాగిందంతా గుడ్డల్లోకి దిగేది. నా పాతచీరలన్నీ ముక్కలై దండెం మీద ఆరేవి.

ఐదు నెలలు చూసి, కాలేజీలో చదివిన ధైర్యంతో, ఆమెనూ ఆమె భర్త సత్యాన్నీ వెంటబెట్టుకుని రేవు దాటి పెద్దాసుపత్రికి వెళ్లాను.

లేడీ డాక్టరుగారు రబ్బరు గొట్టంతో మూత్రాశయంలోకి నీలంమందు ఎక్కించి, కింద తెల్లగుడ్డ పెట్టి, భూలక్ష్మిని కాసేపు నడిపించారు. తర్వాత గుడ్డను పళ్లెంలో తెచ్చి మాకు చూపించారు. తడిసింది. నీలం ఒక్క చుక్క లేదు.

"తెల్లగానే ఉందండి," అన్నాడు సత్యం, పరీక్ష ప్యాసైనట్టు.

"అదేనయ్యా జబ్బు. మూత్రాశయానికి చిల్లుంటే గుడ్డ నీలమయ్యేది. కిడ్నీల నుంచి అందులోకి రెండు గొట్టాలు దిగుతాయి. నెత్తురు ఆపడానికి ముడేసే తొందరలో ఒకటి దెబ్బతింది. దాని నీరు తిన్నగా బయటికొస్తోంది. రెండోది బాగుంది గనక మామూలుగానూ వెళ్తోంది."

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అన్నాను.

"మద్రాసులో ఆ గొట్టాన్ని మళ్లీ మూత్రాశయానికి కుడతారు. ఆలస్యమైతే ఆ వైపు కిడ్నీ చెడిపోతుంది, తీసెయ్యాల్సిందే. ఉత్తరం రాసిస్తాను. భర్త సంతకం కావాలి."

సత్యం కలం పుచ్చుకున్నాడు. కాసేపు చూసి తిరిగిచ్చేశాడు. "అమ్మనోసారి అడిగి వస్తానండి."

భూలక్ష్మి నావైపు చూసింది. నా సంతకం చెల్లదు. ఇంగ్లీషులో పెట్టినా చెల్లదు.

తిరుగు పడవలో ఆమె బల్ల మీద కూర్చోలేదు. అడుగున, నీళ్లు తోడే చోట కూర్చుంది.

"అక్కడ తడండీ, పైన కూర్చోండి," అన్నాడు పడవ వీరన్న.

"ఆయ్. అందుకేనండి."

నేనూ దిగి పక్కన కూర్చున్నాను. చీర నడుం దాకా నానిపోయింది.

"మీకెందుకక్కా ఈ తడి?"

"నాకూ వేడి చేసిందే," అన్నాను.

ఐదు నెలల్లో మొదటిసారి నవ్వింది. నవ్వితే కారుతుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఇద్దరం తడిసే ఉన్నాం.

ఇంటికి రాగానే సత్యం తల్లికి అంతా చెప్పాడు. "గుడ్డ తెల్లగానే వచ్చిందమ్మా. డాక్టరుగారు మాత్రం మద్రాసంటున్నారు."

"తెల్లగా వస్తే మద్రాసెందుకురా? ఒకసారి కోసినందుకే ఇలా అయ్యింది. మళ్లీ కోయించమంటావా పిల్లని?" అత్తగారి కళ్లు నిజంగానే చెమర్చాయి.

నేను ముగ్గుపిండితో అరుగు మీద కిడ్నీలూ గొట్టాలూ గీసి చెప్పాను. ఓపిగ్గా చూశారు.

"బాగా గీసేవమ్మా. వచ్చే నెల చూద్దాం."

అప్పుడు నా చీర కంటబడింది. "నీకూనా?"

"ఆయ్, వేడండి."

ఆవిడ పెరట్లోకి కేకేసి, ఆ పూట నుంచి ఎనిమిది బొండాలు దింపమన్నారు.