జ్వరం రొట్టె

ఏలూరు పవర్‌పేటలో రొట్టె పొట్లం చేత్తో పట్టుకుని నాలుగడుగులు వేయడం ఒకప్పుడు మాటలు కాదు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ ఆగి, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగేవారు. రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్ళ తిండి. ఒంట్లో కులాసాగా ఉన్నవాడు రొట్టె తింటే కోరి రోగం తెచ్చుకుంటున్నాడనుకునేవారు. అందుకే హుస్సేన్ వాళ్ళ బేకరీలో కొన్నవాళ్ళు దాన్ని తువ్వాలు కింద దాచుకుని సందుల్లోంచి ఇళ్ళకు చేరేవారు. హుస్సేన్ తండ్రి కట్టించిన ఇటుక పొయ్యి అలా ఊరందరి జ్వరాల మీద అరవై ఏళ్ళకు పైగా మండింది.

ఇప్పుడంతా తిరగబడింది. జ్వరమొచ్చినవాడు ఇడ్లీ తింటున్నాడు, ఆరోగ్యంగా ఉన్నవాడు బ్రౌన్ బ్రెడ్డు తింటున్నాడు. ఆ బ్రెడ్డు విజయవాడ నుంచి కంపెనీ వ్యానులో వస్తుంది. పిల్లలకు కూల్ కేకులు తప్ప ఆనవు. కాగితం గిన్నెల్లో కాల్చిన పచ్చటి కప్పు కేకుల్ని గాజు సీసాలో పెడితే, సాయంత్రానికి వాటిని చూసి మురిసిపోయేది హుస్సేన్ ఒక్కడే.

కొడుకు నౌషాద్ చెడ్డవాడు కాదు. సగం కొట్టు పొయ్యే ఆక్రమించిందనీ, దాన్ని తీసేస్తే ఏసీ పెట్టి కేకుల ఫ్రిజ్జులు దింపవచ్చనీ రెండేళ్ళుగా నెమ్మదిగానే చెబుతున్నాడు. హుస్సేన్ ఔననడు, కాదనడు. పొయ్యిలోకి చూస్తూ కూర్చుంటాడు. ఆ పొయ్యి పోతే తనకి పొద్దున్నే లేవడానికి కారణం ఉండదని అతని భయం. ఆ మాట పైకి చెప్పుకోవడానికి నామోషీ.

అలాంటి రోజుల్లో అమరేశ్వరరావుగారు వచ్చారు. ఆయనకు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం, ఇల్లు మాత్రం పవర్‌పేటలోనే. మనవరాలు ఐశ్వర్య పెళ్ళి గూడెంలోని ఫంక్షన్ హాల్లో చేస్తున్నారు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో చిన్ననాటి తిళ్ళంటూ జీళ్ళకీ పీచుమిఠాయికీ వేరే బల్లలు వేస్తున్నారు కదా, అక్కడ తన చిన్నప్పటి రొట్టె ఉండాలని ఆయన కోరిక. మైనం కాగితంలో చుట్టిన రొట్టె, పక్కన కప్పు కేకులు. కాకపోతే రుచి అప్పటిలాగే ఉండాలన్నారు.

హుస్సేన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే కొడుకుని పిలిచి, అమరేశ్వరరావుగారు పెళ్ళికి మన రొట్టె ఒప్పుకుంటే పొయ్యి ఉంటుందనీ, లేదంటే మర్నాడే పీకించుకోమనీ చెప్పాడు. నౌషాద్ సరేనన్నాడు.

మొదటి రొట్టె తిని ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. "బాగానే ఉందండీ హుస్సేన్ గారూ. కానీ అది కాదు" అన్నారు. హుస్సేన్ ఈస్టు మానేసి, తండ్రి చేసినట్టు ముందురోజు పిండి కలిపి పులియబెట్టాడు. అదీ కాదన్నారు. తుమ్మ కట్టెలు మాన్పించి సరుగుడు తెప్పించాడు. ఈసారి ఆయన రెండు ముక్కలు తిని, హుస్సేన్‌ని నొప్పించడం ఇష్టంలేక మూడోది కూడా తిని, తల అడ్డంగా ఊపారు. చేసేదేముంది? తండ్రి వాడిన పిండీ ఉప్పూ పాలూ అవే. చేతులే మారాయి.

పెళ్ళి ఇంకా మూడు వారాలుందనగా ఆయనకు జ్వరం పట్టుకుంది. ఐదు రోజులు ఏం పెట్టినా కడుపులో ఇమడలేదు. ఆరో రోజు శుక్రవారం, ఆయన భార్య రమణిగారు రొట్టెకి మనిషిని పంపారు. శుక్రవారం పొయ్యి వెలిగించరు. ముందురోజువి అయిపోయాయి. హుస్సేన్ నమాజుకి వెళ్ళాడు. వేరే మసీదులో ముందే చదివొచ్చిన నౌషాద్ కౌంటర్లో ఉన్నాడు. ఉత్త చేతుల్తో పంపడం బాగుండదనుకుని కంపెనీ బ్రెడ్డు కవరు చింపి, మైనం కాగితంలో చుట్టి ఇచ్చేశాడు. ఆ సంగతి తండ్రికి చెప్పడం మర్చిపోయాడు, లేదా మర్చిపోయినట్టున్నాడు.

సాయంత్రం హుస్సేన్ పలకరించడానికి వెళ్ళేసరికి అమరేశ్వరరావుగారు దిండుకి ఆనుకుని, వేడి పాలల్లో ముంచిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటున్నారు. కళ్ళ వెంట నీళ్ళు.

"ఇదేనండీ," అన్నారు. "ఇన్నాళ్ళకి దొరికింది. పెళ్ళికి ఇదే చేయించండి."

హుస్సేన్ పళ్ళెంలోకి చూశాడు. మిషను కోసిన ముక్కలు, అన్నీ ఒకే మందం. తన చేతి కోత ఏనాడూ అంత తిన్నగా లేదు. మెల్లగా కుర్చీలో కూర్చుని, మొదటిసారి ఈ రొట్టె ఎప్పుడు తిన్నారని అడిగాడు.

తొమ్మిదో ఏటన్నారాయన. కొల్లేటి లంకలో వాళ్ళ ఊరు. టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు లంఖణం పెట్టారు. పన్నెండో రోజు వాళ్ళ నాన్న పడవెక్కి ఏలూరొచ్చి ఈ బేకరీలోనే రొట్టె కొనుక్కెళ్ళారు. అమ్మ పాలల్లో ముంచి మొదటి ముక్క నోట్లో పెట్టింది. ఆ రుచి మళ్ళీ ఇవాళే తగిలిందన్నారు.

నిజం చెప్పేద్దామని హుస్సేన్ నోరు తెరిచాడు. ఆ కళ్ళు చూసి చెప్పలేకపోయాడు. "ముందు ఒళ్ళు బాగుపడనీయండి. పెళ్ళి మాట అప్పుడు చెబుదురు గాని" అని లేచి వచ్చేశాడు.

నౌషాద్ తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, పోనీలే, పందెం నువ్వే గెలిచావు, పొయ్యి ఉంచుకో, పెళ్ళికి మాత్రం కంపెనీదే కాగితం మార్చి పంపుదామన్నాడు.

"ఆయన ఒప్పుకున్నది రొట్టెని కాదురా, ఆకలిని," అన్నాడు హుస్సేన్. "రేపట్నుంచి మన పొయ్యిదే పంపుతాను. ఒళ్ళు కుదుటపడ్డాక కూడా అదే మాటంటే అప్పుడు చూద్దాం."

శనివారం పంపిన రొట్టెకి బ్రహ్మాండమని కబురొచ్చింది. హుస్సేన్ ఆ పూట కప్పు కేకులు కూడా రెండు వాయిలు ఎక్కువ వేశాడు. ఆదివారం బాగుందన్నారు. సోమవారం తెల్లారకుండానే లేచి, పిండి మామూలుకన్నా ఎక్కువసేపు మర్దించాడు. పొట్లం తనే తీసుకెళ్ళి గుమ్మంలో ఇచ్చొచ్చాడు. మధ్యాహ్నం దాకా ఫోను వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆశ అంత తేలిగ్గా వదలదు.

పన్నెండింటికి రమణిగారు ఫోన్ చేశారు.

"ఏమీ అనుకోకండి హుస్సేన్ గారూ. ఇవాళ రొట్టె రుచి తగ్గిందంటున్నారండీ. ఒక్క ముక్క తిని పక్కన పెట్టేశారు. ఆవకాయన్నం కావాలని ఒకటే గొడవ."

హుస్సేన్ అన్నాడు: "రుచి తగ్గిందంటే జ్వరం తగ్గిందండమ్మా. ఆవకాయన్నం పెట్టేయండి."

ఆ మాట అన్నప్పుడు అతనికి నిజంగానే సంతోషం వేసింది. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. తన తండ్రిని అంత గొప్ప పనివాణ్ణి చేసింది ఆయన చేతులు కాదు, ఊరివాళ్ళ జ్వరాలేనని ఇప్పుడు తెలిసింది. తనకి చిన్నప్పుడు జ్వరమొస్తే వాళ్ళమ్మ నూకల జావే కాచేది. బేకరీ ఇంట్లో రోజూ చూసే రొట్టెకి ఆ వైభోగం ఎక్కడిది?

ఆ సాయంత్రం పొయ్యిలో కట్టెలు తీసేయమన్నాడు. పెళ్ళయ్యేదాకా ఉంచుదాం నాన్నా అని నౌషాదే బతిమాలాడు. మాటంటే మాటేనన్నాడు హుస్సేన్.

పీకే మేస్త్రి వచ్చి చూసి, లోపల ఇటుకలు వేడి మీదున్నాయనీ, చల్లారాక కబురు పెట్టమనీ చెప్పి వెళ్ళాడు. హుస్సేన్ రోజూ పొద్దున్నే లేచి వెళ్ళి, పొయ్యి నుదుటి మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. మంగళవారం కాలింది. బుధవారం వెచ్చగా ఉంది. గురువారం నులివెచ్చన.

శుక్రవారం పొద్దున నౌషాద్ పళ్ళు తోముకుంటూ వచ్చి, ఎలా ఉంది నాన్నా అన్నాడు.

హుస్సేన్ చెయ్యి తియ్యకుండానే చెప్పాడు. "తగ్గిందిరా."