అడ్డ కమ్మీలు

పన్నెండో బల్లకు గరుకు కాగితం పట్టేసరికి ఆమె వేళ్ల కొసలు మంటెత్తాయి. నెత్తిమీద రేకు కాలి షెడ్డంతా కొలిమిలా ఉంది. పొద్దు గూకేలోగా ఇంకో మూడు బల్లలు నునుపు కావాలి. ఒక్కో బల్ల ఖరీదు ఆమెకు రెండు నెలల కూలి.

వాటి నమూనా ఆమెదే. బజారు పక్కనున్న పాత వీధిని పడగొట్టి తోట వేస్తున్నారు. తోటలో వేసే బల్లలు ఆ వీధిని గుర్తుచేయాలని పురపాలక ఆఫీసువాళ్లు అడిగితే, కార్ఖానా యజమాని వడ్రంగం తెలిసిన ఈమెను పంపాడు. అప్పటికి అక్కడ ఒక్క ఇల్లే మిగిలి ఉంది. దాని ముందున్న చెక్క అరుగును ఆమె మోకాళ్ల మీద కూర్చుని కొలిచింది. అంచున చెక్కిన తీగను కాగితం మీదికి ఎక్కించుకుంది. ఒక కొసన చెక్క కాస్త ఎత్తుగా ఎందుకుందని అడిగితే, ఎండన పడి వచ్చినవాళ్లు తల ఆనించుకోడానికని ఆ ఇంటి ముసలమ్మ చెప్పింది. ఆ వారమే ఆ ఇల్లూ నేలమట్టమైంది. నమూనా కింద యజమాని సంతకం చేసుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె మొగుడు వచ్చాడు. బజారులో మూటలు మోసే మనిషి, ఆ వేళప్పుడు ఎన్నడూ రాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పొద్దుటినుంచి సిమెంటు బస్తాలు దించి, నడుం పట్టేస్తే తోటలో ముందుగా వేసిన బల్లమీద వాలాడట. కాపలావాడు బకెట్టెడు నీళ్లు గుమ్మరించి లేపాడట.

“మా ఇంటిది చేసిన బల్లే బాబూ అన్నాను. అయితే ఇంటికెళ్లి పడుకో అన్నాడు,” అని నవ్వబోయాడు.

నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆమె తువ్వాలుతో అతని తల తుడిచింది. మళ్లీ బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు.

అరగంట కాలేదు, యజమాని ఆటోలోంచి ఇనప కమ్మీలు దింపించాడు. ఎవరూ పడుకోకుండా ఒక్కో బల్లకు రెండేసి అడ్డంగా బిగించాలట. అవి లేకపోతే సరుకు తీసుకునేది లేదని ఆఫీసునుంచి కబురొచ్చిందట.

“మధ్యలో కమ్మీ పెడితే ఇది అరుగు కాదండీ,” అందామె.

“అరుగూ గిరుగూ మనకెందుకమ్మా? సరుకు గేటు దాటితే చాలు.”

“నేను బిగించనండీ.”

పంతొమ్మిదేళ్లలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన కేకలేమీ వేయలేదు. రేపటినుంచి రానక్కర్లేదని మామూలుగానే చెప్పి, పాలిష్ పెడుతున్న ఆమె తోడికోడలిని పిలిచి డ్రిల్లు చేతికిచ్చాడు. ఆ పిల్లను పనిలో పెట్టించింది ఈమే. దానికి ఇద్దరు బిడ్డలు. చిన్నవాడికి ఇంకా పాలు మాన్పలేదు.

“నామీద కోపం పెట్టుకోకక్కా,” అని గొణిగి అది మీట నొక్కింది.

ఆమెకు కోపం రాలేదు. గరుకు కాగితం కింద పడేసి, చేతులు దులుపుకుని, కమ్మీ బిగించబోతున్న ఆ బల్లమీద వెల్లకిలా పడుకుంది. చెక్కకింకా పచ్చి వాసన పోలేదు. షెడ్డు ఆ మూలనుంచి రంపం చప్పుడు ఆగింది. యజమాని ఏదో అంటున్నాడు గాని డ్రిల్లు హోరులో వినబడటం లేదు.

ఆమె నడుముకు జానెడు దూరంలో డ్రిల్లు తిరుగుతూనే ఉంది. తోడికోడలు దాన్ని కిందికి దించలేదు, ఆపనూ లేదు.