చెక్కల మధ్య పువ్వు

ఆయన్ని ఊరంతా ఆకుల డాక్టరు అనేది. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి. జ్వరం చూడ్డానికి పిలిస్తే రోగి నాలుక కంటే ముందు వాళ్ల గోడ పగుల్లో మొలిచిన మొక్కను చూస్తాడని జనం నవ్వుకునేవారు. అయినా ఆయన్నే పిలిచేవారు. మొక్క పని అయ్యాక రోగి పక్కన కూర్చున్నాడంటే, గండం గట్టెక్కేదాకా లేచేవాడు కాదు మరి.

వైద్యం పోగా మిగిలిన బతుకంతా కొండలకే ఇచ్చాడు. తెచ్చిన ప్రతి మొక్కనూ కాగితాల్లో పరిచి, రెండు చెక్కల మధ్య పెట్టి, తోలుపట్టీలతో బిగించి ఆరబెట్టించి, మొక్కల మ్యూజియానికి పంపేవాడు. ప్రతిసారీ ఒకటే జవాబు: ఇది మాకు తెలిసినదే. ఎవరికీ తెలియని మొక్క ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తన చేతికి దొరకాలని ఆయన కోరిక. జుట్టు నెరిసింది గానీ ఆ కోరిక తీరలేదు.

చివరికి దొరికింది. ఏటి పైనున్న కొండచరియ మీద, ఉల్లిగడ్డంత దుంప, రెండు మందపాటి ఆకులు. పువ్వు మాత్రం లేదు. పువ్వు చూడనిదే మ్యూజియం వాళ్లు పేరు పెట్టరు. పూసే కాలానికి మళ్లీ వద్దాంలే అనుకుని, ఒక్కదాన్ని తవ్వుకుని దిగుతుంటే కాలు జారింది. మోకాలు విరిగి, మంచం మీద మోయించుకుని ఇంటికొచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ వారం కురిసిన వానల్లోనే చరియంతా విరిగి ఏట్లో కలిసిపోయిందని కబురొచ్చింది. అలాంటి మొక్క లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు. ఉన్నా ఆయన ఎక్కలేడు.

మొక్కల్ని ఆరబెట్టే పని ఇంట్లో అక్కయ్యది. తమ్ముడి గడ్డిని తిట్టని రోజు లేదు, ఆ గడ్డికి తడి కాగితాలు మార్చని రోజూ లేదు. ఈసారి మాత్రం తమ్ముణ్ణి చూసుకోవడంతోనే సరిపోయి, ఆ దుంప మొక్కను హడావిడిగా తనే చెక్కల మధ్య బిగించి, ఆ కట్టను కొట్టుగదిలో పెట్టి మరిచిపోయింది.

కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగిన రోజున ఆయన ఆ కట్ట తెమ్మన్నాడు, పువ్వు లేకపోతే ఆకులైనా పంపుదామని. అక్కయ్య తెచ్చి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

"ఒరేయ్, ఆ రోజు దీన్ని మరిగే నీళ్లలో ముంచలేదురా. పొయ్యి మీది నీళ్లన్నీ నీ కాలి కాపడానికే అయిపోయాయి."

ఆయన మొహం మాడిపోయింది. దుంప మొక్కల సంగతి ఇద్దరికీ తెలుసు. మరిగే నీళ్లలో ముంచి చంపితే గానీ అవి ఆరవు. పచ్చిగా బిగిస్తే బూజుపట్టి కుళ్లిపోవడమే ఎక్కువ. ఉన్న ఒక్కటీ పోయిందని అక్కయ్యను నోటికొచ్చినట్టు అన్నాడు. ఆవిడా ఊరుకోలేదు. నీ మోకాలు వదిలేసి నీ గడ్డికి స్నానం చేయించాల్సిందా అని అడిగింది. ఆయన కట్టను ముందుకు లాక్కున్నాడు.

పట్టీలు విప్పి, కాగితాలు ఒక్కొక్కటే తీశాడు. ఆకులు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. దుంప మాత్రం గట్టిగా ఉంది. దాని మెడలోంచి తెల్లటి కాడ ఒకటి బయల్దేరింది. పైకి లేవడానికి చోటు లేక పక్కకు పాకింది, కాగితం మడత అడ్డొస్తే వంగింది, వంగి మళ్లీ సాగింది. దాని చివర పువ్వు విచ్చుకుని ఉంది. నీలం పువ్వు. ఐదు రేకులు పరుచుకుని ఉంటే, ఆరోది పొడుగ్గా వాటి మీదికి గొడుగు పట్టింది. అలాంటి రేకును ఆయన ఏ కొండ మీదా చూడలేదు, ఏ పుస్తకంలోనూ చూడలేదు.

చేతికర్ర జారి కిందపడినా తీసుకోలేదు. మట్టి లేదు, చుక్క నీరు లేదు, వెలుగు లేదు, పైన చెక్కల బరువు. చూసేవాళ్లెవరూ లేని చీకట్లో ఇంత నీలం ఎందుకు తయారుచేసుకుందో ఆయనకు అంతుపట్టలేదు. ఎన్నో పురుళ్లు పోసిన చేతులు, ఎందరివో కళ్లు మూసిన చేతులు, ఆ పువ్వును తాకడానికి భయపడ్డాయి. ప్రాణం గురించి తనకు తెలిసింది ఇంతేనా అనిపించింది. అక్కయ్య కూడా తిట్టడం మరిచి, వంగి చూసింది. ఆ ఇంట్లో అదీ అరుదైన సంగతే.

కాసేపటికి ఆవిడే వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఇప్పుడు ముంచి బిగిస్తే దుంపా ఆకూ పువ్వూ అన్నీ ఉన్న మొక్క అవుతుంది, మ్యూజియం వాళ్లు కాదనలేరు. కాడ ఒక్కటే కోసి పంపితే ఒప్పుకోరు. ముంచకపోతే ఈ పువ్వు రెండు రోజుల్లో వాడిపోతుంది, ఇంత అలిసిన దుంప మళ్లీ పూస్తుందన్న నమ్మకమూ లేదు. ఇవన్నీ ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆవిడ గిన్నె తెచ్చేసరికి తమ్ముడు పెరటి గుమ్మంలో కుంటికాలు చాపుకుని కూర్చుని, కుండీలోకి మట్టి ఎత్తుతున్నాడు. దుంపను పసిబిడ్డ తలలా అరచేతిలో పట్టుకుని అందులో దించాడు. తెల్లటి కాడకు పుల్ల ఆనించి, మెత్తటి గుడ్డపీలికతో కట్టు కట్టాడు.

అక్కయ్య గిన్నె కింద పెట్టింది. మరి దీని పేరు సంగతేమిటని అడిగింది.

"పేరుకేం తొందరక్కా," అన్నాడు ఆయన, కుండీ మీంచి చూపు తిప్పకుండా. "ముందు కోలుకోనీ."