వేలంలో అమ్మ అండా

ఏటా కోతకాల పండుగకు తన వస్తువు చర్చికిచ్చి, వేలంలో తానే పాడుకుని ఇంటికి తెచ్చుకునే మనిషి సింగానల్లూరు మొత్తానికి జెబమలర్ ఒక్కతే. తప్పేముంది? దేవుడికి కానుక ముడుతుంది, ఇంటికి వస్తువు మిగులుతుంది. అటక మాత్రం ఖాళీ కాదు. పాత మిక్సీ ఇప్పటికి రెండుసార్లు చర్చి చూసొచ్చింది.

ఈసారి పాస్టరయ్య ప్రసంగంలో, విడవలేని వస్తువు వెనక విడవలేని కోపం ఒకటి ఉంటుందన్నారు. ఆ మాట ఆమె గొంతులో చేపముల్లులా దిగబడింది. వారమంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. శనివారం అటకెక్కి అమ్మ ఇత్తడి అండా దించింది. నాలుగు బిందెల నీళ్లు పడుతుంది, రెండు పక్కలా కడియాలు.

అమ్మను పూడ్చి వచ్చిన మూడోరోజే దీనికోసం చెల్లెలు యువరాణితో పెద్ద రభస అయింది. "అమ్మ నాకే ఇచ్చె" అని ఇద్దరూ అన్నారు. అండా జెబమలర్‌కు దక్కింది, చెల్లెలు దక్కలేదు. పీలమేడులో ఉండే చెల్లెలింటికి బస్సెక్కితే అరగంట. పదకొండేళ్లుగా ఇటువాళ్లు అటు గానీ, అటువాళ్లు ఇటు గానీ ఆ బస్సెక్కలేదు. ఇంతా చేసి ఆ అండాలో ఒక్కనాడూ నీళ్లు పట్టిన పాపాన పోలేదు.

"ఈ ఒక్క వాటి అయినా తిరిగి తెచ్చుకోవు కదమ్మా?" కూతురు త్రిష ఫొటో తీస్తూ అడిగింది.

"తేను. పీడ పోనీయి" అంది. అందే గానీ, చింతపండుతో తోముతుంటే చెయ్యి దాన్ని వదల్లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పందిట్లో వేలం మొదలైంది. గుమ్మడికాయలు, కోడిపుంజు అయ్యాక సంఘపెద్ద యేసుదాస్ అండాను బల్లమీద పెట్టాడు. జెబమలర్ రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది.

"వెయ్యి!" వెనకనుంచి ఒక గొంతు.

ఆ గొంతు తెలియకపోవడమా? యువరాణి! జుట్టంతా నెరిసిపోయింది.

జెబమలర్ చెయ్యి దానంతటదే లేచింది. "రెండు వేలు!"

"మూడు."

"నాలుగు!"

జనం నవ్వారు. "నీ సామాను నువ్వే ఎన్ని వాట్లు కొంటావు అక్కా?" అన్నాడు యేసుదాస్.

"ఐదు" అంది యువరాణి. మిల్లు క్యాంటీన్లో గిన్నెలు తోమే మనిషికి ఐదు వేలంటే ఏమిటో అక్కకు తెలుసు. అయినా 'ఆరు' నోటిదాకా వచ్చింది. అనేస్తే ఇక ఈ జన్మకు చెల్లెలు లేనట్టే. మింగింది. ముల్లు మింగినంత పనైంది.

"ఒక తరం... రెండు తరం..." యేసుదాస్ పాట ముగించబోతూ, అలవాటుకొద్దీ ఆమెవైపే చూస్తూ ఆగాడు.

"ఏల నన్ను చూస్తావు? మూడు తరం చెప్పు!" అని కసిరింది.

యువరాణి అండా ఎత్తబోయింది. ఒక్కదానివల్ల కాలేదు. "త్రిష స్టేటస్‌లో చూస్తిని అక్కా" అంది తలెత్తకుండా. "ఒక పక్క పట్టుకొంటావా?"

ఏడుపో కోపమో తెలియని ముఖంతో జెబమలర్ రెండో కడియం పట్టుకుంది. బస్టాపు దాకా చెరోపక్కా పట్టుకుని మోశారు. అండా ఎక్కించబోయి తానూ బస్సెక్కేసింది.

లగేజీ టికెట్ కొట్టాలి, ఈ అండా ఎవరిదని కండక్టర్ అడిగాడు. పదకొండేళ్లుగా అరగదీసిన జవాబు నాలుక చివరే ఉంది.

"మా చెల్లెలిది" అంది జెబమలర్.