ఒక చెవికి రెండు స్పీకర్లు

జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ నా ఎడమ చెవిని పట్టుకుపోయింది. ఆడియో పుస్తకాలు విని తప్పులు పట్టడం పద్దెనిమిదేళ్లుగా నా పని. చదివేవాళ్లు మింగిన గుటక, కాగితం చప్పుడు, ఇంకో రోజు చదివి మధ్యలో అతికించిన వాక్యం, అన్నీ నిమిషాలూ సెకన్లతో సహా రాసి పంపుతాను. మా సంపాదకుడు మర్యాదస్తుడు. ఇక విశ్రాంతి తీసుకోండని తేనె పూసి చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. కావాలని తప్పులు దాచిన పుస్తకం ఒకటి పంపండి, ఒక్కటి వదిలేసినా నేనే మానేస్తానన్నాను. పది రోజులు గడువిచ్చాడు.

మిగిలిన చెవికి హెడ్‌ఫోన్స్ తగిలించొద్దని డాక్టరు ముందే హెచ్చరించాడు. అందుకని నా రాత బల్ల మీద పెట్టుకోవడానికి చిన్న స్పీకర్ల జత కొనాలనుకున్నాను. మా పుస్తకాల్లో పాత్రలు కుడి ఎడమలుగా మాట్లాడతాయి. రెండువైపుల గొంతులూ గదిలో తిరిగి నా కుడి చెవికి చేరాలి. ఒక చెవికి రెండు స్పీకర్లెందుకని మా ఆయన అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. అందుకే ఇంకా ఉక్రోషం వచ్చింది.

షాపుకి మా మరిది తోడొచ్చాడు. ఇంట్లో అతన్ని సర్వజ్ఞుడంటాం. ప్రశ్న నేను అడిగితే షాపాయన జవాబు అతనికి చెప్పాడు. ఇద్దరూ కలిసి బియ్యం డబ్బాలంత జత ఒకటి ముందు పెట్టారు. పాట పెడితే గుండె అదరాలట. నా గుండెని దాని మానాన వదిలేయమని, నాకు గుటక వినపడితే చాలని చెప్పి, పక్కన చిన్న జత కూడా ఒకటి పెట్టించాను.

నేను ఎప్పుడో దిద్దిన నాలుగు నిమిషాల ముక్క పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. అందులోని ప్రతి తప్పూ నాకు కంఠస్థం. షాపాయన పెద్దవాటిని గట్టిగా, చిన్నవాటిని మెల్లగా మోగించాడు. గట్టిగా మోగేది ఏదైనా బాగున్నట్టే ఉంటుంది. ఆ కిటుకు వాళ్లకి ఉగ్గుపాలతో వస్తుందేమో. రెండింటికీ ఒకే శబ్దం పెట్టించాను. తర్వాత రెండు జతల్నీ గోడకి జానెడు దూరంలోకి జరపమన్నాను.

"అలా పెట్టుకుని ఎవరూ వినరండీ," అన్నాడు.

"నా గదిలో బల్ల అలాగే ఉంది. మీ షాపు నా ఇంటికి రాదు కదా."

కళ్లు మూసుకుని కూర్చుని, చెప్పకుండా మార్చి మార్చి వినిపించమన్నాను. పెద్దవాటికి గాలి వదిలే కన్నం వెనకవైపుంది. గోడ దగ్గరపడేసరికి గొంతులు కుండలో దూరి మాట్లాడినట్టయ్యాయి, గుటకలు మునిగిపోయాయి. చిన్నవాటికి కన్నం ముందుంది, మాట మాటలాగే వచ్చింది. ఐదుసార్లూ చిన్న జతనే ఎంచాను. గాలివాటం అనుకుని మా మరిది ఆరోసారి తనే మార్చాడు. మళ్లీ అదే. చూడ్డానికి ఆటబొమ్మల్లా ఉన్నాయని సణిగాడు. ప్యాక్ చెయ్యమన్నాను.

ఇంట్లో ఒక్కోదాని కింద రెండేసి పుస్తకాలు పెట్టి చెవి ఎత్తుకి తెచ్చాను. భయం లేదని చెప్పను, రోజూ ఉంది. ఇరవై తప్పులు దొరికాయి. ఎనిమిదో రోజు, ఇద్దరు అక్కచెల్లెళ్ల మాటల మధ్య, ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. గొంతు అదే. దాని వెనకున్న నిశ్శబ్దం వేరు. ముప్పైసార్లు విన్నాను. మా ఆయన్ని పిలిచి వినిపిస్తే ఏమీ లేదన్నాడు. అది తప్పు కాకపోతే, పాపం, ఈవిడకి లేనివి కూడా వినపడుతున్నాయంటారు. రాయకుండా వదిలేస్తే అడిగేవాళ్లు లేరు. రాశాను.

సంపాదకుడు ఫోన్ చేశాడు. దాచిన ఇరవై తప్పులూ పట్టారు, సంతోషం అన్నాడు. కానీ ఇరవై ఒకటోది వాళ్ల జాబితాలో లేదు. ముగ్గురు విన్నారు, ముగ్గురికీ రెండు చెవులూ బాగున్నాయి, ఏమీ దొరకలేదు. చెవి తికమక అయ్యుంటుంది, అది కొట్టేద్దాం, ఇకమీదట మీకు సులువైన పుస్తకాలే పంపిస్తాను అన్నాడు.

"కొట్టేయొద్దు. చదివినావిడనే అడగండి," అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం మళ్లీ చేశాడు. ఆ ఒక్క వాక్యం చెడిపోతే ఆవిడ ఇంట్లో బట్టల అలమారు ముందు నిలబడి చదివి, ఎవరికీ చెప్పకుండా అతికించిందట. అద్భుతమనీ, ఎలా పట్టారనీ పొగడడం మొదలుపెట్టాడు. మధ్యలోనే ఆపాను.

"మీ జాబితాలో ఇరవై ఒకటి అని దిద్దుకోండి. ఆ సులువైన పుస్తకాలు రెండు చెవులూ ఉన్న ఆ ముగ్గురికీ పంపండి. కష్టమైనవి నాకు పంపండి."