పన్నెండు మొనల నక్షత్రం

"జనవరి నుంచి మా కోడలు ఇంటిపట్టునే ఉంటుందిలేమ్మా. ఆ రైళ్ళంట తిరుగుడు ఇంక మానేస్తుంది" అని సువార్తమ్మ పెరటిగోడ మీంచి పక్కింటామెతో చెబుతోంది. సిల్వియా అక్కడే, గోడ వారన పీట మీద కూర్చుని, చేతులకి బూడిద అద్దుకుని కొర్రమీను పొలుసు గీస్తోంది. తన సంగతి తన ముందే, తను అక్కడ లేనట్టు చెప్పుకోవడం ఆ ఇంట్లో కొత్తేం కాదు. 'మానేస్తానని నేనెప్పుడన్నానత్తయ్యగారూ' అనే మాట గొంతు దాకా వచ్చింది. ఈలోగా చేప చేతిలోంచి జారింది. దాన్ని మళ్ళీ పట్టుకునేసరికి పక్కింటామె లోపలికి వెళ్ళిపోయింది, ఆ మాట చెప్పే అదనూ పోయింది.

మొగుడు ఆనంద్ పాల్ భీమడోలులో ప్రైవేటు స్కూలు మాస్టారు. మంచివాడనే పేరుంది. గట్టిగా అరవడు. "అమ్మకి మోకాళ్ళు నొప్పులు. నువ్వే ఆలోచించు" అంటాడు. ఆలోచించడం ఆమె వంతు, ఏం ఆలోచించాలో ముందే నిర్ణయించడం ఆయన వంతు. మొన్న రాత్రి అన్నం తింటూ, "పాస్టరుగారికి కూడా చెప్పేశాను, నువ్వు మానేస్తున్నావని. సంతోషించారు" అన్నాడు. చారు పొయ్యమని గిన్నె ముందుకు జరిపాడు. ఆమె పోసింది.

ఏలూరు పవర్‌పేటలో ఈశ్వరప్రసాద్ అనే ఇంజనీరుగారి ఆఫీసు. ఇళ్ళ ప్లాన్లు గీస్తారు. సిల్వియా అక్కడ కంప్యూటర్ మీద కూర్చుంటుంది. పొద్దున్నే వంట చేసి, క్యారేజీలు కట్టి, ప్యాసింజర్ రైల్లో నిలబడి వెళ్ళి కుర్చీలో కూర్చుంటే, ఆ రోజుకి అదే మొదటిసారి కూర్చోవడం. గదుల కొలతలు వేసి, గోడలు లేపి, కప్పు పెట్టి, ఇల్లు ఎలా ఉంటుందో నాలుగు వైపులా తిప్పి చూపించే సాఫ్ట్‌వేరు ఒకటి కొత్తగా వచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె దాంట్లో ఇళ్ళు కానివి చేసేది. ఆరు పలకల పెట్టె. నాలుగు పలకల మొన. ఒకరోజు ఐదు మూలల పలకలు పన్నెండు కలిపిన బంతిలాంటిది దొరికింది. ఒక పలక నడిమిన చుక్క పెట్టి, ఆ చుక్కని మౌసుతో పట్టుకుని బయటికి లాగింది. పలక మూలల నుంచి ఐదు గీతలు చుక్కతో పాటే లేచి వచ్చాయి. మొన తేలింది. ఆమెకి ఎందుకో నవ్వొచ్చింది. ఇంట్లో తను ఒక అంగుళం పక్కకి జరిగితే తనకి తగులుకున్నవాళ్ళందరూ కేకలేస్తారు. ఇక్కడ గీతలు నోరెత్తకుండా సాగుతున్నాయి. ఎక్కువ లాగితే మొన మరీ సన్నమై ఈటెలా ఉంది. వెనక్కి తీసి కొంచెం కురచ చేసింది. పన్నెండు పలకలకీ అలాగే చేసి తిప్పి చూస్తే, నక్షత్రం. వేళ్ళకి చేప వాసన పూర్తిగా పోలేదు. క్యారేజీ విప్పకుండానే భోజనాల టైం అయిపోయింది.

"ఇదేంటమ్మా, ఎవరింటి కప్పు?" అన్నారు ఈశ్వరప్రసాద్‌గారు వెనక నుంచి.

"కప్పు కాదండీ. క్రిస్మస్ స్టారండీ."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒకసారి మౌసు తీసుకుని తిప్పి చూశారు. "జనవరిలో పెద్ద పనులొస్తున్నాయి. ఇలాంటివి చెయ్యగలిగే మనిషి కావాలి నాకు. ఉంటావు కదా?"

ఉంటానండీ అనాలి. తల ఊపిందో లేదో ఆమెకే తెలీదు.

వాళ్ళ ఊళ్ళో ప్రార్థన మందిరానికి ఏటా డిసెంబరు మొదట్లో వెదురు బద్దలతో, రంగుకాగితంతో నక్షత్రం కట్టి గోడకి వేలాడదీస్తారు. ఈసారి కొత్త రకం తను చేస్తానంది సిల్వియా. ముక్కల కొలతలు కంప్యూటర్లోంచి ప్రింటు తీసుకొచ్చి, సెలవు రోజుల్లో గదిలో పరుచుకుంది. సంఘపెద్ద ఎలీయాజరుగారు వచ్చి చూసి, "బాగానే ఉందమ్మాయ్. కానీ గోడకి ఆనాలి కదా! వెనకవైపు చదును చేసెయ్యి. అటు ఎవరు చూస్తారు?" అన్నారు. ఆనంద్ పాల్, "ఎంతసేపండీ, సగం కోసేస్తుంది" అని ఆమె తరఫున మాట ఇచ్చేశాడు.

మర్నాడు ఆఫీసులో ఆమె సగం కోసింది. నిజంగానే కోసింది. నడిమికి కత్తిరించి, వెనక మొనలన్నీ తుడిచేసింది. ముందు నుంచి చూస్తే ఏ తేడా లేదు. తిప్పింది. లోపలంతా బోలు, ఎండిపోయిన తొట్టిలాగుంది. చాలాసేపు దానివైపే చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తను చేస్తున్నదీ ఇదేననిపించింది. అటు ఎవరు చూస్తారు అని ఎవరో అంటే, సరేనండీ అని కోసుకోవడం. ఇంకా కోసుకోవడానికి ఓపిక కావాలి, ఆ ఓపిక తనలో అయిపోయింది. కంట్రోల్ జెడ్ నొక్కింది. మొనలన్నీ ఎక్కడివక్కడికి వచ్చాయి.

"గోడకి కాదండీ, మందిరం చూరుకీ ఎదురు స్తంభానికీ మధ్య తీగ కట్టించండి. అన్ని వైపులా కనబడుతుంది" అంది ఇంటికొచ్చాక. ఆనంద్ పాల్ చిరాకుపడ్డాడు గానీ, కట్టించాడు. లోపల బల్బు వేస్తే రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి జనం తలలు బయట పెట్టి చూశారు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు నిత్యానందంగారు లేచి, "మన సహోదరుడు ఆనంద్ పాల్ ఎంతో ప్రయాసపడి చేసిన నక్షత్రం కోసం దేవునికి స్తోత్రం" అన్నారు. మగవాళ్ళ చాపల మీద ఆనంద్ పాల్ తల వంచుకుని చిన్నగా నవ్వాడు. ముందురోజే చెప్పాడు ఆమెకి, "నీ పేరు చెబితే బాగోదు. పెళ్ళాం చేత చేయించాడంటారు. మనిద్దరం వేరా ఏంటి?" అని. ఆమె పక్కన కూర్చున్న సువార్తమ్మ, "మావాడు చిన్నప్పటి నుంచీ అంతే, చెయ్యి తిరిగినవాడు" అంది వెనకామెతో.

సిల్వియాకి కోపం రాలేదు. కోపానికి కూడా బలం కావాలి. నీరసం వచ్చింది, అంతే.

తర్వాత సాక్ష్యాల సమయం. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకి చేసిన మేలు చెబుతున్నారు. ఒకామె మొగుడికి జ్వరం తగ్గింది. ఒకామె గేదె ఈనింది. ఏది చెప్పినా చివర స్తోత్రం అంటే అందరూ స్తోత్రం అనాలి. పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళలో సిల్వియా ఒక్కసారీ లేవలేదు. ఇప్పుడు లేచింది. కొంగు తల మీదికి సర్దుకుంది.

"దేవుడికి స్తోత్రమండీ. బయట వేలాడుతున్న నక్షత్రం నేను చేశాను. ఆఫీసులో కంప్యూటర్ మీద గీసి, ఇంట్లో కోసి అతికించాను. పన్నెండు మొనలూ నేనే చేశాను. ఆ తెలివి నాకిచ్చినందుకు దేవుడికి స్తోత్రం."

"స్తోత్రం" అంది మందిరమంతా. అన్నాక తలలు తిరిగాయి.

సువార్తమ్మ చీర కుచ్చిళ్ళు పట్టి లాగుతోంది. "కూర్చో అమ్మాయ్, కూర్చో." సాక్ష్యం అయ్యాక కూర్చోవాలి. సిల్వియా కూర్చోలేదు.

"ఒక ప్రార్థన అంశమండీ. జనవరిలో కూడా నేను ఏలూరు ఆఫీసుకి వెళ్తాను. ఆ పని మానను. నా కోసం ప్రార్థన చెయ్యండి."

పాస్టరుగారు ఆనంద్ పాల్ వైపు చూశారు. ప్రార్థన అడిగిన మనిషికి చెయ్యనని ఎవరూ చెప్పలేరు. ఆయన గొంతు సవరించుకుని కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, మా సహోదరి సిల్వియా ఏలూరులో చేసే పనిని దీవించు. ఆమె రాకపోకల్లో తోడుండు. ఆ పనిలో ఆమెని స్థిరపరచు..."

"ఆమేన్" అన్నారందరూ. ఎక్కడ ప్రార్థన అయినా గట్టిగా వినబడేది సువార్తమ్మ గొంతే. ఇప్పుడూ అదే వినబడింది. అన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సిల్వియా కళ్ళు మూసుకోలేదు. మగవాళ్ళ వైపే చూస్తూ నిలబడింది. అందరూ అనడం అయిపోయాక, చుట్టుపక్కలవాళ్ళు చూస్తుండగా, ఆనంద్ పాల్ పెదాలు కూడా కదిలాయి.